మిషను నీళ్ళు

మూత మరలు కదలడం లేదు. మరియమ్మ వాటికి ఆముదం పోసింది, పాతగుడ్డ చుట్టి రాయితో మెల్లగా తట్టింది, మళ్ళీ పట్టుకారు వేసి తిప్పింది. చేతులు జారాయే తప్ప మర జారలేదు. గుడిసె వసారాలో బండల మీద నిలబెట్టిన ఆ ఇనుప పీపా ఆమె నడుమెత్తు ఉంటుంది. పైన మూత, కింద కొళాయి, కడుపు నిండా పచ్చ ఇసుక. మదనపల్లె బంగళాలో ఆమె చాలా ఏండ్లు వంట చేసిపెట్టిన దొరసాని, యుద్ధం అయిపోగానే తన దేశానికి వెళ్తూ ఇచ్చిపోయింది. బంగళాలోని కుర్చీల కోసం, మంచాల కోసం జనం ఎగబడ్డారు గానీ దీని మొహం చూసినవాడు లేడు. ఎద్దులబండి మీద దీన్ని మాదిగపల్లెకు తెచ్చిన నాడు చిన్నా పెద్దా అంతా నవ్వారు.

నవ్విన నోళ్ళే దాని నీళ్ళు తాగి ముక్కున వేలేసుకున్నాయి. పల్లె బావి నీళ్ళంటే నీళ్ళా అవి! సున్నం. పప్పు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాగినా పలుకు పలుకుగానే ఉండేది. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి జిడ్డు వచ్చి గుడ్డకు పట్టుకునేది. కుండల అడుగున అట్టలు కట్టేది. పిల్లలు కడుపులు పట్టుకుని మెలికలు తిరిగిపోయేవాళ్ళు. పల్లెలో మిషను అని పిలుచుకునే ఆ పీపాలో అవే నీళ్ళు పైన పోస్తే, కింద కొళాయిలోంచి వేరే నీళ్ళయి వచ్చేవి. అప్పుడప్పుడూ ఉప్పునీళ్ళు పోసి లోపలి ఇసుకను కడగాలి, అంతే. ఆ భాగ్యమూ ఎన్నాళ్ళో లేదు. పోయిన వానాకాలంలో కొళాయిలోంచి నీళ్ళతోబాటు ఇసుక రావడం మొదలై, ఆఖరికి చుక్క కూడా రాకుండా మూసుకుపోయింది. అప్పటినుంచి దాని మీద కోళ్ళు పండుకుంటున్నాయి.

“యాలే దాంతో కొట్లాట? సచ్చినదాన్ని లేపాలని సూస్తాండావే!” అన్నాడు మొగుడు దావీదు. వసారా కొసన కూర్చుని చెప్పు కుడుతున్నాడు.

“ఆఫీసరు వస్తాండాడు గదప్పా. ఆయప్ప మన వసారాలో కూసుంటే దాహానికి ఏమిస్తావు? మన బాయి నీళ్ళా?”

“మరి మనం తాగేది అవే గదా.”

“మనం తాగతాం. ఇంటికొచ్చిన మనిషికి ఇస్తామా?”

ఆఫీసరు రావడం మాటలు కాదు. స్వతంత్రం వచ్చిన మరుసటేడు ఎండాకాలం అది. హరిజనుల పల్లెల్లో మంచినీళ్ళ బావులు తవ్విస్తామని సర్కారు చెబుతోందని తెలిసి, పల్లె అంతా వేలిముద్రలు వేసి చిత్తూరుకు అర్జీ పంపుకుంది. చెరువు కట్ట కింద సర్కారు పోరంబోకు ఉంది. అక్కడ ఎక్కడ తవ్వినా తియ్యటి నీళ్ళే. ఆఫీసరు వచ్చి, పల్లె నీళ్ళు చూసి, ఇవి మనుషులు తాగే నీళ్ళు కావని ఒక్క మాట రాస్తే అక్కడ బావి పడుతుంది. ఆ పోరంబోకులో మునసబు రెడ్డెప్ప రెడ్డి ఏండ్ల తరబడి శెనక్కాయ వేసుకుంటున్నాడు. అందుకే అర్జీ మాట చెవిన పడ్డప్పటినుంచీ ఆయన మొహం గంటు పెట్టుకునే ఉంది.

కోడలు చిన్నక్క ఖాళీ కడవతో వచ్చి దాన్ని గోడవార దించింది. నెలలు నిండిన మనిషి. మోకాళ్ళ దాకా బురద. పల్లె నీళ్ళు నోట్లో పోసుకుంటే చాలు, కడుపులో తిప్పి వాంతి చేసుకుంటోంది. అందుకని రోజూ వంకకు వెళ్ళి, ఇసుకలో చేతులతో చెలిమ తోడి, ఊరిన నీళ్ళు చిప్పతో కడవలోకి ఎత్తుకుని వస్తుంది.

“ఏమైందే?” అంది మరియమ్మ, మర వదిలేసి.

“చెలిమ ఊరిందాకా కూసున్యానత్తా. చిప్ప ముంచేటప్పటికి రెడ్డి జీతగాడు ఎనుముల్ని తోలుకొచ్చి వంకలోకి దింపినాడు. ‘అన్నా అన్నా, ఒక్క గడియ ఆగు’ అంటాండా. నవ్వతా తోలినాడు. అంతా తొక్కేసినాయి.” ఆమె కండ్లనీళ్ళు పెట్టుకోలేదు. కాళ్ళకు ఎండిన బురదను గోటితో గీరుతూ కూర్చుంది.

మరియమ్మ కోపమంతా చేతుల్లోకి వచ్చిందేమో, పట్టుకారు వేసి ఒక్క పట్టు పడితే మర కిర్రుమని తిరిగింది.

మూత తీస్తే పాచి వాసన గుప్పుమంది. లోపలి ఇసుక గట్టిపడి బెల్లపు అచ్చులాగా ఉంది. దొరసాని దగ్గర ఏడాదికోసారి మద్రాసు నుంచి కంపెనీ మనిషి వచ్చి దీన్ని విప్పేవాడు. అతనికి దీపం పట్టుకుని నిలబడ్డది మరియమ్మే. అతను ఏం చేసేవాడో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ, గరిటెతో ఇసుకను తవ్వి చాప మీద పోసింది. గడ్డలను చేతులతోనే నలిపింది. రాయి పెట్టి కొడితే గింజ పొడి అయిపోతుందని అతను చెప్పేవాడు. తర్వాత చేటలో కొంచెం కొంచెంగా వేసుకుని, బియ్యం కడిగినట్టు కడిగింది. పొడి అయిపోయిన ఇసుక తేలి పోయింది, గింజ అడుగున నిలిచింది. సగానికి సగం పోయింది. అయినా సగం మిగిలింది గదా అనుకుంది.

అసలు రోగం అడుగున ఉంది. ఇసుక జారిపోకుండా వేసిన ఇనుప జల్లెడ తుప్పుకు చిల్లులు పడిపోయింది. వేలు పెడితే పెచ్చులు రాలాయి. మర్నాడు పొద్దున్నే ఆ ముక్కలను కొంగున కట్టుకుని పుంగనూరు బజారుకు నడిచింది. తగరం పని చేసే మస్తాన్ వాటిని అరచేతిలో వేసుకుని చూశాడు.

“ఇది యాడ దొరుకుతాది అమ్మా? యుద్ధం వచ్చినప్పట్నించి రేకే దొరకలా నాకు,” అన్నాడు. ఆమె మొహం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళి, ఎవరో పడేసిన ఇత్తడి పిండి జల్లెడ తెచ్చాడు. అంచు విరిగింది గానీ మధ్యలో బాగుంది. “గుండ్రంగా కత్తిరించి ఇస్తా. అతుకు నేను ఏసేది ఈడ కాదు, నీ పీపాలోకి నేను దూరలేను. నువ్వే సూసుకోవాల.”

“నేనే సూసుకుంటాలే సాయిబూ.”

“ఎవరికమ్మా ఇంత తొందర?”

“ఆఫీసరు వస్తాండాడు మా ఇంటికి,” అంది మరియమ్మ. చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. చెప్పాక ఆ మాట ఆమెకే ముద్దుగా వినిపించింది.

ఇంటికి వచ్చి ఆ ఇత్తడి వల అడుగున పరిచింది. అంచుల్లో సందు లేకుండా మైనం, గుగ్గిలం కరిగించి పోసింది. దాని మీద వంకలో ఏరి కడిగిన గులకరాళ్ళు, ముందు పెద్దవి, తర్వాత చిన్నవి. వాటి మీద ఇసుక. కొళాయిని విప్పి చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టింది. పొద్దునకు సున్నం కరిగి లోపలి ఇత్తడి తళతళలాడింది. కొళాయిలోని తోలుబిళ్ళ మాత్రం చీకిపోయింది. దావీదు అప్పటిదాకా ఆ పని వైపు చూడనట్టే కూర్చున్నవాడు, లేచి వెళ్ళి తన సంచిలోంచి తోలుముక్క తీశాడు.

“ఇది కపిల బానది. ఇన్నేండ్లు నీళ్ళల్లో నానినా ఏం గాలా,” అంటూ ఉలితో బిళ్ళ కోసి ఇచ్చాడు.

మునసబు బావిలో ఎద్దులతో నీళ్ళు తోడే ఆ తోలు బాన కుట్టేది దావీదే. చిరిగితే అతుకు వేసేదీ దావీదే. పల్లె ఆడవాళ్ళు మాత్రం ఆ బావి గట్టు ఎక్కకూడదు. కాలవ కింద కడవ పెట్టుకుని దూరంగా నిలబడితే, కపిల తోలేవాడికి మనసైనప్పుడు పోస్తాడు. ఈ సంగతి ఆ ఇంట్లో ఎవరూ కొత్తగా తలుచుకోలేదు. దావీదు బిళ్ళ అంచులు అరగదీసి, కొళాయిలో పెట్టి బిగించి, మళ్ళీ చెప్పు కుట్టుకోవడానికి పోయాడు.

ఉప్పునీళ్ళు పోసి నానబెట్టారు. తర్వాత బావి నీళ్ళు పోసి, కొళాయి తిప్పి, వచ్చిన నీళ్ళను మరియమ్మ నాలుక మీద వేసుకుని ఉమ్మింది. ఉప్పు. మళ్ళీ పోసింది. ఉప్పే. చిన్నక్క బావికీ ఇంటికీ తిరిగి కడవలు మోసింది, వద్దన్నా వినలేదు. పొద్దు వాలే వేళకు నాలుక మీది ఉప్పు పోయింది. దొరసాని పెట్టెలోంచి తెచ్చుకుని ఇన్నాళ్ళూ దాచుకున్న సబ్బుముక్క తీసి మరియమ్మ చేతులు రుద్దుకుంది. నురగ మణికట్టు దాకా పొంగింది.

“అయ్యోయ్ అత్తా!” అని చిన్నక్క చిన్నపిల్లలాగా ఆ నురగను తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత చెంబు పట్టుకుని గటగటా తాగింది. తాగి, గోడకానుకుని కూర్చుని, కడుపు మీద చెయ్యి వేసుకుంది. వాంతి కాలేదు. మరియమ్మకు ఆ క్షణంలో ఎంత సంతోషమైందంటే, దొరసాని బంగళాలో పండగ నాడు కూడా అంత కాలేదు.

“అత్తా,” అంది చిన్నక్క కాసేపటికి. “ఆయప్పకు మన బాయి నీళ్ళే ఇద్దాం. ఒక్క గలాసు తాగితే తెలస్తాది గదా.”

“నోరు ముయ్యే! నీళ్ళిస్తానని వచ్చినోనికి కడుపునొప్పి తెప్పించి పంపిస్తామా? రెడ్డోళ్ళ ముందర మన పరువేం గావాల? బాయికాడికి తీసకపోతాం. సూస్తాడు, కావాలంటే నోట్లో ఏసుకుంటాడు. అది వేరే. మన సేత్తో ఇచ్చేది వేరే.”

చిన్నక్క అత్త మాటకు ఎదురు చెప్పే పిల్ల కాదు, పైగా కడుపు చల్లబడి ఉంది.

ఆఫీసరు కారు దుమ్ము లేపుకుంటూ వచ్చేసరికి పల్లె అంతా వీధిలోనే ఉంది. ఖద్దరు చొక్కా, నున్నగా దువ్విన తల, నవ్వు మొహం. మంచివాడు. ఆ మాట మరియమ్మ తర్వాత కూడా కాదనలేదు. మునసబు రెడ్డెప్ప రెడ్డి ఆయన పక్కన నడుస్తూ, పల్లె మొదట్లోనే ఆగిపోయాడు.

“నేను ఈడే ఉంటాను సార్. మీరు సూసుకోని రాండి.”

“ఇంకా ఏమిటి రెడ్డిగారూ ఈ పట్టింపులు? రండి, రండి,” అని ఆఫీసరు ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. పల్లె జనానికి అది చూసి గుండె నిండింది. ఇట్లాంటి మనిషి ఒక్కడు వస్తే చాలని అక్కమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంది. అర్జీలో మొదటి వేలిముద్ర అక్కమ్మది. మరియమ్మ ఈడు మనిషి, పక్క గుడిసె.

ఆఫీసరు తిన్నగా మరియమ్మ వసారాలోకే వచ్చి కూర్చున్నాడు, వేసిన నులకమంచం మీద. చేతులు కడుక్కోవడానికి ఆమె చెంబుతో నీళ్ళు, పళ్ళెంలో సబ్బుముక్క పెట్టింది. దొరసాని ఇంట్లో వచ్చినవాళ్ళకు అట్లాగే పెట్టేది. ఆయన చేతులు తడుపుకుని సబ్బు రుద్దాడు. తెల్లగా నురగ పొంగింది. ఆయన ఆ నురగ వైపు చూశాడు, తర్వాత మునసబు వైపు చూశాడు.

“అర్జీలో సబ్బు నురగ రాదని రాశారే?”

మరియమ్మ అప్పటికే గాజు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఆ గ్లాసు కూడా దొరసానిదే. ఆయన అందరూ చూసేటట్టు దాన్ని అందుకుని, ఆగకుండా తాగాడు. మాదిగపల్లెలో నీళ్ళు తాగానని రేపు నలుగురికీ చెప్పుకునే తాగుడు అది. కానీ తాగాక ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది.

“చాలా బాగున్నాయి! మా చిత్తూరులో కూడా ఇట్లాంటి నీళ్ళు లేవు. ఇంకొక గ్లాసు ఇవ్వమ్మా.”

మరియమ్మ చెయ్యి కదలలేదు. గోడవార నిలబడ్డ చిన్నక్క తలవంచుకుంది. అప్పుడు తెలిసింది మరియమ్మకు తను చేసిన పని.

“సామీ, అవి మిషను నీళ్ళు,” అంది. “మా బాయి నీళ్ళు అవి గాదు సామీ. అదో ఆ పక్కన మిషనుండాది. దాంట్లో పోస్తే అట్లొస్తాయి. మీరొస్తారని బాగు చేసినా.”

“ఎవరు బాగు చేశారు?”

“నేనే సామీ.”

ఆ మాటలో అంత భయంలోనూ కాస్త గర్వం పలికింది. ఆయన లేచి మిషను చుట్టూ తిరిగి చూశాడు. మూత తీయించి లోపలికి తొంగి చూశాడు. ఇత్తడి జల్లెడ సంగతి, చింతపండు సంగతి, తోలుబిళ్ళ సంగతి అడిగి అడిగి చెప్పించుకున్నాడు. ఆయన కండ్లు మెరిశాయి.

“చూశారా రెడ్డిగారూ! ఇదీ కావలసింది మన దేశానికి. ఎవరో వచ్చి చేస్తారని చేతులు కట్టుకుని కూర్చోకుండా, ఒక ఆడమనిషి, తన చేతులతో...”

“అదే నేను సెప్తా వచ్చినా సార్,” అన్నాడు మునసబు మెత్తగా. “వీళ్ళకేం తక్కువ? మా ఇంట్లో గూడా లేదు ఇట్లాంటి మిషను.”

“సామీ, బాయికాడికి రాండి. ఆ నీళ్ళు ఒక్క గుక్క నోట్లో ఏసుకోండి,” అని అక్కమ్మ ముందుకొచ్చింది.

ఆయన వచ్చాడు. రానని అనలేదు. బావిలోకి వంగి చూశాడు. నీళ్ళు తేటగానే కనిపించాయి, కంటికి కనిపించే రోగం కాదు గదా అది. అక్కమ్మ తోడి ఇచ్చిన నీళ్ళు పెదవికి తగిలించి, కొంచెం చప్పరించి, పక్కకు ఉమ్మాడు.

“కొంచెం సున్నం ఉన్న మాట నిజమే. కానీ ఈ నీళ్ళనే గదా ఆవిడ మిషనులో పోసింది? అంటే ఇవి బాగుపడే నీళ్ళన్న మాట. ఇటు పెద్దపంజాణి వైపు నేను చూసిన పల్లెల్లో అసలు బావే లేదమ్మా. పిల్లలు గుంటల్లో నీళ్ళు తాగుతున్నారు. ఉన్న డబ్బు ముందు ఎవరికి ఇవ్వమంటారు, మీరే చెప్పండి.”

చెప్పమంటే ఏం చెబుతారు? ఆ పిల్లలకు వద్దని ఎవరు అనగలరు? మరియమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

“సామీ, అది పాతది. ఇసుక సగం పోయిండాది. దినానికి నాలుగు కడవలకంటే రావు. ఇన్ని గడపలుండాయి, యాడ సరిపోతాది సామీ? మా కోడలు నెలలు నిండిన మనిషి. నేను ఆ మిషను బాగు చేసింది మీకోసరమే. మీకు దాహమైతాదని.”

“వంతులు వేసుకోండమ్మా,” అన్నాడు ఆయన, ఎంతో ఆప్యాయంగా. “ఐకమత్యంగా ఉంటే అన్నీ సరిపోతాయి. నీ సంగతి నేను పైవాళ్ళకు కూడా రాస్తాను.”

చేతులెత్తి అందరికీ నమస్కారం పెట్టి, భోజనానికి మునసబు ఇంటికి వెళ్ళిపోయాడు. కారు వెనక దుమ్ము తగ్గేదాకా జనం అట్లాగే నిలబడ్డారు. మరియమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. దావీదు సంచి సర్దుకున్నాడు. మునసబు బావి బాన చిరిగిందని కబురు వచ్చింది, పోవాలి.

ఆ రాత్రి మరియమ్మ అన్నం ముట్టలేదు. ఏడిస్తే కోడలికి తెలుస్తుందని కొంగు నోట్లో కుక్కుకుంది. దొరసాని బంగళాలో నేర్చుకున్న మర్యాద ఒకటి, తన తల్లి నేర్పిన మర్యాద ఒకటి, రెండూ కలిసి పల్లె నోట్లో మన్ను కొట్టాయని ఆమె మనసు కుళ్ళిపోయింది. చిన్నక్క మాట విని ఉంటే! పోనీ, కోళ్ళనే దాని మీద పండుకోనిచ్చి ఉంటే!

తెల్లవారి తలుపు తీస్తే వసారా ముందర కడవలున్నాయి. ఇంటి ముందునుంచి వీధి మలుపు దాకా ఒకదాని వెనక ఒకటి. వాటి పక్కన ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆఫీసరు వంతులు వేసుకోమన్నాడు గదా. కొందరి చేతుల్లో గుప్పెడు ఉప్పు కూడా ఉంది, మిషనుకు కావాలని విని తెచ్చారు. తోసుకోవడం లేదు. పసిబిడ్డను చంకనేసుకుని ఈశ్వరమ్మ, జ్వరంతో పండుకున్న మొగుడి కోసం బయ్యమ్మ. లోపల చిన్నక్క నిద్ర లేస్తున్న చప్పుడు వినిపించింది. రాత్రి ఊరిన నీళ్ళు ఒక కడవకు సరిపోతాయేమో, అంతే. అవి కోడలికి కావాలి. మరియమ్మ కొళాయికి అడ్డంగా నిలబడింది. కావాలని నిలబడలేదు, కాళ్ళు అట్లా వెళ్ళి నిలబడ్డాయి.

అందరికంటే ముందు అక్కమ్మ ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పాత గుడ్డ కప్పుకుని పండుకున్నవాళ్ళు. కోపమొస్తే జుట్లు పట్టుకున్నవాళ్ళు. నిన్నటిదాకా ‘ఏమే మరీ’ అనే తప్ప ఆమె నోట వేరే పిలుపు లేదు. ఆ అక్కమ్మ వసారా మెట్టు ఎక్కలేదు. కింద నిలబడి, కొంచెం వంగి, కడవను రెండు చేతులా ముందుకు చాపింది.

“మనవరాలికి బేదులు పట్టుకున్యాయమ్మా. కొంచెం పోయండమ్మా,” అంది.

మరియమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. “అట్ల పిలవాకు అక్కమ్మా. నీకు దండం పెడతా, అట్ల పిలవాకు.”

“మరెట్ల పిలవాల?” అంది అక్కమ్మ. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు, నిజంగానే అడిగింది. చాపిన చేతులు దించలేదు. “నీళ్ళు నీకాడ గదా ఉండేది.”

వెనక ఉన్న ఆడవాళ్ళు కడవలు ఒక అడుగు ముందుకు జరుపుకున్నారు. లోపలినుంచి చిన్నక్క దాహమని పిలిచింది. మరియమ్మ ఎటూ కదలలేక, కొళాయి మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయింది.